ఒక్క కప్పు క్రింద వేరు కాపురములు
(మన పాఠశాల కంప్యూటరు నెట్‌వర్కును విభజించిన విధము)

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలకు ముందు, ఒకనాటి మధ్యాహ్నము, మన పాఠశాల మేడమీది కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి పిల్లలు పాఠము నేర్చుకొనుచుండిరి. వారిలో నొక బాలుడు లేచి వచ్చి నా ప్రక్కన నిలిచి, "సార్, నా కంప్యూటర్లో ఆఫీసు కాగితాలు కనబడుతున్నాయి" అని మెల్లగా చెప్పెను. నేను పోయి చూచితిని. తెరమీద మన ఆఫీసు కంప్యూటరు పేరును, దాని క్రింద నొక ఫోల్డరును, అందులో ఫీజు రాయితీ పొందిన విద్యార్థుల పట్టికయు నుండెను. పిల్లవాని పేరు, తండ్రి వృత్తి, కుటుంబపు ఆదాయము, తగ్గించిన మొత్తము, అన్నియు వరుసగా నున్నవి.

ఆ బాలుడు దానిని ఎంతవరకు చదివెనో నేను అడుగలేదు. వాని ప్రక్క బల్లమీద కూర్చుండు స్నేహితుని పేరు ఆ పట్టికలో నుండెనని మాత్రము నాకు తెలియును.

ఇందు బాలుని దోషము లేదు. ఆఫీసు గుమాస్తా దోషమును స్వల్పమే. ప్రక్క గదిలోని ప్రధానోపాధ్యాయుల కంప్యూటరుకు అందుటకై ఆయన ఆ ఫోల్డరును పంచి యుంచెను; అది మేడమీదికి సైతము కనబడునని ఆయన ఎరుగడు. దోషము నాది. పాఠశాల యందలి కంప్యూటర్ల నన్నిటిని కలుపు పెట్టెలను నిలిపినవాడను నేనే. వానిని అంగడినుండి తెచ్చినవి తెచ్చినట్లుగా గోడకు బిగించి, తీగలు తగిలించి, అన్నియు నడుచుచున్నవని తృప్తి పడితిని. అటుపిమ్మట చేసిన దిద్దుబాటును తల్లిదండ్రులకు తెలియజేయుట నా విధి. ఏలయన ఆ పట్టికలోని సమాచారము పాఠశాలది కాదు, మీది.

స్విచ్చి యనగా నేమి?

ఇంటిలో దీపమును వెలిగించు మీటను స్విచ్చి యందుము. ఇచట చెప్పునది అది కాదు. ఇది రమారమి మూరెడు పొడవుగల యొక లోహపు పెట్టె. దాని ముఖమున 24 గూళ్లుండును. వీనిని పోర్టులందురు. ఒక్కొక్క పోర్టులో నొక తీగను దూర్చి, ఆ తీగ రెండవ కొనను కంప్యూటరుకో, ప్రింటరుకో, కెమెరాకో తగిలింతురు. ఆ యంత్రములు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు ఈ పెట్టెయే మధ్యవర్తి.

1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్‌నెట్ పద్ధతికి రూపము కల్పించినపుడు ఇట్టి పెట్టె లేదు. ఒకే పొడవాటి తీగను యంత్రములన్నియు పంచుకొనెడివి. ఒకటి పలికిన మాట అన్నిటి చెవిని బడెడిది. స్విచ్చి వచ్చిన పిమ్మట ఈ స్థితి చాలవరకు మారినది. ప్రతి యంత్రపు నెట్‌వర్కు భాగమునకును తయారైననాడే 48 బిట్ల చిరునామా యొకటి ఈయబడును. ఏ పోర్టునుండి ఏ చిరునామాతో ఉత్తరము వచ్చినదో స్విచ్చి గమనించి, ఆ చిరునామావారు ఆ పోర్టునందున్నారని తన పట్టీలో వ్రాసికొనును. తరువాత వారి పేర వచ్చు ఉత్తరమును ఆ యొక్క పోర్టుకే అందించును. తపాలా జవాను తన వీధివారిని క్రమముగా ఎరిగికొనుట ఇట్టిదే.

దండోరా వలని చిక్కు

ఇంత తెలివిగల పెట్టె యుండగా ఆఫీసు కాగితము మేడమీద ఎట్లు కనబడెను? ఉత్తరములు రెండు విధములు. ఒకటి ఒక్కరి పేర వ్రాసినది. రెండవది ఊరందరికిని చాటునది. క్రొత్తగా మేలుకొన్న కంప్యూటరు, "నాకొక అంకె ఇచ్చువారెవరు?" అని అడుగును. మరియొకటి, "ఈ అంకె గల ప్రింటరు ఎచట నున్నది?" అని అడుగును. వేరొకటి, "నేనిచట నున్నాను, నాయొద్ద పంచుకొను ఫోల్డరు గలదు" అని చాటును. వీనికి ఒక్కరి చిరునామా లేదు గనుక స్విచ్చి వీనిని దండోరా వలె తనకు తగిలియున్న యంత్రముల కన్నిటికిని వినిపించును. ఒక స్విచ్చికి మరియొక స్విచ్చి కలిసియున్నచో దండోరా దానికిని పాకును.

మన పాఠశాలలో రెండు స్విచ్చిలున్నవి. ఒకటి క్రింద ఆఫీసులో, మరియొకటి మేడమీద కంప్యూటరు గదిలో. రెంటిని కలుపు తీగ యొక్కటే. కావున ఆఫీసు, ఉపాధ్యాయులు, పిల్లలు, గేటు కెమెరాలు, వార్షికోత్సవమునకు వచ్చి వైఫై అడుగు అతిథులు, ఎల్లరును ఒకే దండోరా వినువారై యుండిరి. గోడలున్నవి, తలుపులున్నవి, తాళములున్నవి. తీగలలో మాత్రము పాఠశాల యంతయు తలుపులేని యొకే గది.

దీనికి తేలికగా తోచు మందు ఆఫీసుకొక స్విచ్చి, పిల్లలకొక స్విచ్చి, కెమెరాలకొక స్విచ్చి వేరువేరుగా కొనుట. అపుడు క్రిందినుండి మేడమీదికి తీగలును వేరువేరుగా లాగవలెను; గోడలు త్రవ్వవలెను. విరాళములతో నడచు పాఠశాలకు ఇది తగిన దారి కాదు. మన స్విచ్చిలు చెప్పినట్లు వినునవి. వీనిని మేనేజ్డ్ స్విచ్చిలందురు. ఇట్టి వానిలో వీలాన్ అను ఏర్పాటుండును. నేను దానిని వాడలేదు, అంతే.

వేరు కాపురముల పద్ధతి

వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్కు అను పొడవైన పేరునకు వీలాన్ అనునది కురుచ రూపము. ఒకే పెట్టెను, క్రొత్త గోడ కట్టకయే, అనేక పెట్టెలవలె నడిపించు ఉపాయమిది. అన్నదమ్ములు ఉమ్మడి యింటిని పడగొట్టకయే పంపకములు చేసికొని, ఈ గదులు పెద్దవానివి, ఆ గదులు చిన్నవానివి అని కాగితముమీద వ్రాసికొనుట మనమెరిగినదే. ఇల్లొకటి, కాపురములు రెండు. స్విచ్చిలోను ఇట్లే, 1 నుండి 6 వరకు గల పోర్టులు ఆఫీసువి, 7 నుండి 12 వరకు ఉపాధ్యాయులవి అని వ్రాసి యుంచినచో, ఆఫీసు పోర్టులో పుట్టిన దండోరా ఆఫీసు పోర్టులకే వినబడును. స్విచ్చి దానిని రెండవ కాపురమునకు అందింపదు.

అయితే రెండు స్విచ్చిల నడుమ తీగ యొక్కటే గదా! క్రిందినుండి పోవు ఉత్తరము ఏ కాపురమునకు చెందినదో మేడమీది స్విచ్చికి ఎట్లు తెలియును? దీనికై ప్రతి ఉత్తరముమీద నొక ముద్ర వేయుదురు. దానిని ట్యాగు అందురు. ఈ ముద్ర ఎట్లుండవలెనో 1998లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజినీర్ల సంస్థ 802.1క్యూ అను పేర నిర్ణయించి ప్రకటించినది. నియమ మొక్కటి యగుటచే వేరువేరు తయారీదారుల స్విచ్చిలును ఈ ముద్రను ఒకేరీతి చదువగలవు. దాని పరిమాణము నాలుగు బైట్లు. అందులో 12 బిట్లు కాపురపు సంఖ్యకై కేటాయింపబడినవి. పండ్రెండు బిట్లతో 4096 సంఖ్యలు వ్రాయవచ్చును. మొదటిదగు 0, తుదిదగు 4095 వాడరాదు గనుక మిగులునవి 4094. మనకు ఐదు చాలును.

ముద్రవేసిన ఉత్తరములు పోవు పోర్టును ట్రంకు అందురు. కంప్యూటరు తగిలియున్న సాధారణ పోర్టును యాక్సెస్ పోర్టు అందురు. ఉత్తరమును కంప్యూటరునకు ఇచ్చునపుడు స్విచ్చి ముద్రను తీసివేయును. కావున కంప్యూటరునకు తాను ఏ వీలాన్‌లో నున్నదో తెలియనక్కరలేదు.

పని జరిగిన క్రమము

మొదటి పని కాగితముమీదనే జరిగినది. ఏ గదిలో ఏ యంత్రమున్నది, దాని తీగ ఏ పోర్టునకు పోవుచున్నది అని ప్రతి తీగను చేతబట్టి చూచి వ్రాసితిమి. ఇందుకు రెండు సాయంకాలములు పట్టినవి. పిమ్మట కాపురము లిట్లు నిర్ణయింపబడినవి:

వీలాన్ 10: ఆఫీసు, లెక్కలు, విద్యార్థుల దాఖలాలు.
వీలాన్ 20: ఉపాధ్యాయులు.
వీలాన్ 30: పిల్లల కంప్యూటరు గది.
వీలాన్ 40: కెమెరాలు.
వీలాన్ 50: అతిథుల వైఫై.

అంగడినుండి వచ్చిననాడు స్విచ్చిలోని పోర్టులన్నియు వీలాన్ 1 అను ఒకే కాపురములో నుండును. అందుచేతనే నావంటివాడు ఏమియు చేయకున్నను అన్నియు నడుచును. ఏ యంత్రమును ఆ వీలాన్ 1లో ఉంచరాదని నిశ్చయించుకొంటిమి.

రెండవ పని స్విచ్చి సంకేతపదమును మార్చుట. తయారీదారు వేసి పంపిన సంకేతపదము ఆ రకపు పెట్టెలతో వచ్చు పుస్తకములలో అచ్చయి యుండును. దానిని అట్లే యుంచుట తాళపుచెవిని తాళమునకే వ్రేలాడదీయుట.

మూడవది, స్విచ్చి దిద్దుబాటు పుటలో ఐదు వీలాన్‌లను సంఖ్యలతోను పేర్లతోను సృష్టించుట. నాల్గవది, ఒక్కొక్క యాక్సెస్ పోర్టును దాని కాపురములో చేర్చుట. ఇచటనే నేనొక తప్పు చేసితిని. అనేక స్విచ్చిలలో దీనికి రెండు గడులుండును. ఆ పోర్టునుండి బయటకు పోవు ఉత్తరములు ఏ వీలాన్‌వై యుండవలెనో మొదటి గడి చెప్పును. ఆ పోర్టులోనికి ముద్రలేక వచ్చు ఉత్తరమును ఏ వీలాన్‌గా ఎంచవలెనో రెండవది చెప్పును. దీనిని పీవీఐడీ అందురు. నేను మొదటిది నింపి రెండవది మరచితిని. ఫలితముగా ఆఫీసువారికి రావలసిన ఉత్తరములు సరిగానే వచ్చుచున్నవి. ఆఫీసువారు పంపునవి మాత్రము పాత వీలాన్ 1లో పడుచున్నవి. ప్రశ్న యొక యింటను, జవాబు మరియొక యింటను. గంటసేపు ఆఫీసు పని నిలిచిపోయినది. రెండవ గడిలో 10 అని వ్రాయగానే సరిపడెను.

ఐదవది ట్రంకులు. రెండు స్విచ్చిలను కలుపు 24వ పోర్టును రెండువైపులను ట్రంకుగా జేసి, మేడమీదికి అవసరమగు 20, 30 సంఖ్యలను మాత్రమే అందులో పోనిచ్చితిమి. ఆఫీసు కాపురమునకు మేడమీద పని లేదు. పని లేనిచోటికి దారి యెందుకు? రెండువైపుల పట్టికలు ఒకేరీతి నుండవలెను. ఒకవైపు 30 వ్రాసి రెండవవైపు మరచినచో పిల్లల గదికి ఉత్తరమే అందదు. వైఫై పెట్టె రెండు పేర్లు చాటును: ఒకటి ఉపాధ్యాయులకు, ఒకటి అతిథులకు. కావున దాని పోర్టునకును ట్రంకు కావలసి వచ్చినది. అందులో 20, 50 పోవును.

ఈ పని చేయువారికి ఒక హెచ్చరిక. తాము ఏ పోర్టుద్వారా స్విచ్చితో మాటాడుచున్నారో ఆ పోర్టును చివరకు మార్చవలెను. ముందే మార్చినచో, కూర్చున్న కొమ్మను నరికినవాని గతి పట్టును.

ఆరవది రౌటరు. కాపురములు విడిపోయిన పిమ్మట ఒకదానితో నొకటి మాటాడవలెనన్నను, ఇంటర్నెట్టునకు పోవలెనన్నను, రౌటరు గుమ్మము దాటవలెను. ప్రతి కాపురమునకు వేరువేరు అంకెల వరుస నిచ్చితిమి: ఆఫీసుకు 192.168.10తో మొదలగునవి, పిల్లల గదికి 192.168.30తో మొదలగునవి. ఇక్కడ పలువురు పొరపడుదురు. వీలాన్‌లు చేయుటతోనే రక్షణ కలిగినదని తలచెదరు. అనేక రౌటర్లు, వలదని చెప్పనంతవరకు, ఒక కాపురపు ఉత్తరమును మరియొక కాపురమునకు చేరవేయును. అపుడు దండోరా వినబడదు గాని, అంకె తెలిసినవాడు నేరుగా పోయి తలుపు తట్టగలడు. కావున 30, 40, 50 సంఖ్యలనుండి 10కి దారి లేదని రౌటరులో నియమము వ్రాయవలసియున్నది. ఉపాధ్యాయులు ప్రశ్నపత్రములు అచ్చుతీయు ప్రింటరు ఆఫీసులో నున్నది గనుక, 20నుండి ఆ యొక్క ప్రింటరు అంకెకు మాత్రము దారి విడిచితిమి. కెమెరాలకు బయటి ఇంటర్నెట్టు అక్కరలేదు. ఆ దారియు మూసితిమి.

ఏడవది, చేసిన దిద్దుబాటును స్విచ్చి స్థిరస్మృతిలో భద్రపరచుట. అనేక స్విచ్చిలు మార్పును వెంటనే అమలుపరచును గాని, భద్రపరచుమని వేరుగా చెప్పనిదే జ్ఞాపకముంచుకొనవు. నేను క్రింది స్విచ్చిలో భద్రపరచి మేడమీది దానిని మరచితిని. మరునాడు కరెంటు పోయి వచ్చినంతనే మేడమీద చేసిన పని యంతయు మాయమైనది. ఇపుడు రెంటి దిద్దుబాటు ప్రతులను తీసి, కాగితపు పట్టికతోకూడ ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉంచితిమి.

పరీక్ష

నడుచుచున్నది యనుట ఒకటి. నడువరానిది నడచుట లేదనుట మరియొకటి. మొదటిసారి నేను మొదటిదానినే చూచి మోసపోతిని. ఈసారి పిల్లల గదినుండి ఆఫీసు కంప్యూటరును పింగ్ అను ఆజ్ఞతో పిలిచి, జవాబు లేకుండుట చూచితిమి. అయితే కొన్ని కంప్యూటర్లు ఎవరు పిలిచినను పలుకవు. వాని మౌనమును జూచి విభజన జరిగినదని సంతోషింపరాదు. కావున ముందుగా ఆఫీసులోని మరియొక కంప్యూటరునుండి పిలిచి, అది పలుకుచున్నదని నిశ్చయించుకొని, ఆ తరువాతనే మేడమీదినుండి పిలిచితిమి. అతిథుల వైఫైనుండియు, కెమెరా పోర్టునుండియు ఇట్లే చేసితిమి.

తుదకు ఆ బాలునే పిలిచి, అదే కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, ఆనాడు చూచినట్లే చూడుమంటిని. వాడు చాలసేపు వెదకి, "ఏమీ లేదు సార్" అనెను.

వీలాన్ చేయజాలనిది

దీనిని సర్వరోగనివారిణిగా భావింపరాదు. ఒకే కాపురములోని రెండు యంత్రములను వీలాన్ సామాన్యముగా విడదీయదు. ఆఫీసులోని యొక కంప్యూటరుకు వైరస్ పట్టినచో ప్రక్క కంప్యూటరుకు పాకవచ్చును. ఆఫీసు గదిలోనికి వచ్చి తీగను ఊడబెరికి తన యంత్రమునకు తగిలించుకొనువానిని సాధారణ యాక్సెస్ పోర్టు ఆపదు. అందుచే స్విచ్చి పెట్టెలను తాళమువేసిన అరలో నుంచితిమి. వాడని పోర్టులను మూసివేసితిమి. గుమాస్తాగారు ఫోల్డరుకు సంకేతపదము పెట్టి, చూడదగిన ఇరువురి పేర్లనే దానికి చేర్చిరి. గోడ కట్టితిమని తలుపు తీసి యుంచరాదు గదా.

తల్లిదండ్రులు అడుగదగినవి

2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా ఎంచుచున్నది. సమాచారమును ఉంచుకొనువారే దానిని కాపాడుటకు తగిన జాగ్రత్త వహింపవలెనని చెప్పుచున్నది. చట్టము లేకున్నను ఇది మన మర్యాద. మాతృభాష, కులము, ఆదాయము, ఆధార్ సంఖ్య, తండ్రి లేని పిల్లవాని తల్లి వ్రాసిన అర్జీ, ఇవన్నియు మన ఆఫీసులో నున్నవి. మనది చిన్న సమాజము. ఒకరినొకరు ఎరిగినవారము, ఒకే పెండ్లిపంక్తిలో కూర్చుండువారము. పెద్ద నగరపు పెద్ద బడిలో నొక పేరు బయటపడినచో ఎవరికిని తెలియకపోవచ్చును. మనలో నొక పేరు బయటపడినచో సాయంకాలమునకు వీధి యంతయు తెలియును. ఇంత సన్నిహితముగా నుండువారికే మరుగు ఎక్కువ అవసరము.

కావున తల్లిదండ్రులు సమావేశములకు వచ్చినపుడు ఈ ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాను. పిల్లల కంప్యూటర్లును ఆఫీసు కంప్యూటర్లును వేరు వీలాన్‌లలో నున్నవా? నడుమ దారి మూసినట్లు ఎవరు, ఎన్నడు పరీక్షించిరి? క్రొత్త కెమెరాయో ప్రింటరో తగిలించిన పిమ్మట మరల చూచిరా? అతిథులకిచ్చు వైఫై ఎందాక పోవును? స్విచ్చి సంకేతపదము ఎవరివద్ద నున్నది, ఆయన ఊరిలో లేనిచో మరియెవరికి తెలియును? వీనికి జవాబు చెప్పుటకు కంప్యూటరు పండితుడు కానక్కరలేదు. బీరువాలోని పట్టికను తీసి చూపిన చాలును. పట్టిక లేనిచో, అదియే జవాబు.

ఇందుకై క్రొత్త విరాళము అడుగుట లేదు. స్విచ్చిలు పాతవే, తీగలు పాతవే. పెట్టినది కొన్ని సాయంకాలముల శ్రద్ధ మాత్రమే. ఆ శ్రద్ధ మొదటనే చూపకపోవుట నా లోపమని ఒప్పుకొనుచున్నాను.

వచ్చు జూన్ మాసములో మీరు రాయితీ దరఖాస్తుమీద ఆదాయపు గడిని నింపునపుడు చేయి ఒక్క క్షణమైనను సంకోచింపకుండుటకే ఈ వ్రాత. ఆ కాగితము ఎచటికి పోవునో, ఎవరు చూతురో అడుగుడు. అడుగుట మీ హక్కు. చూపుట మా విధి.